లవ్‌డే హాకింగ్ బండికి ఫిట్‌నెస్

లవ్‌డే హాకింగ్ తన మోటారుసైకిల్‌ని మొదటిసారి మా గ్యారేజీకి తెచ్చినప్పుడు ఎక్కి రాలేదు, తోసుకుంటూ వచ్చింది. రేవు నుంచి మా గ్యారేజీ దాకా రోడ్డంతా ఎత్తే. పాల వ్యాను కూడా సగం దూరంలో మూలగడం మొదలుపెడుతుంది. ఆమె బండికి స్టాండు వేసి, హెల్మెట్ తీసి, వాకిట్లో మెట్టు మీద కూలబడింది. మొహం ఉడికించిన పీతలా ఎర్రబడి ఉంది.

"దారిలో మొరాయించిందా?" అని అడిగాను.

"లేదు. బంగారంలా నడుస్తుంది. నిన్నటితో ఫిట్‌నెస్ గడువు అయిపోయింది కదా, అందుకని ఎక్కలేదు."

"పరీక్షకి టైం తీసుకుని తెచ్చేటప్పుడు ఎక్కి రావచ్చు లవ్‌డే. చట్టమే ఒప్పుకుంటుంది."

"ఆ ముక్క నిన్న ఫోనులో చెప్పుంటే నీ సొమ్మేం పోయేది?" అంది.

మా ఊరు పోర్త్‌గారోలోని గ్యారేజీ కౌంటరు దగ్గర నేను చాలా ఏళ్ళుగా కూర్చుంటున్నాను. కార్న్‌వాల్ పడమటి ఒడ్డున ఉన్న మా చేపల రేవుకి అదొక్కటే గ్యారేజీ. అప్పట్లో యజమాని క్లెమ్ జెల్బర్ట్. బళ్ళు బాగుచేసేదీ, ఏటేటా వాటికి ఫిట్‌నెస్ పరీక్ష చేసి సర్టిఫికెట్టు ఇచ్చేదీ అతనే. ఫోన్లు ఎత్తడం, టీ పెట్టడం, క్లెమ్ తిట్లకి బాధపడిన వాళ్ళని ఓదార్చడం నా పని. క్లెమ్, లవ్‌డే చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నారు. బడిలో అతని చెవి ఆమె కొరికిందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఇద్దరూ కాదనలేదు.

లవ్‌డే నలభై దాటేదాకా చేపలు డబ్బాల్లో సర్దే షెడ్డులో పనిచేసింది. భర్త ఎప్పుడో ప్లిమత్‌లో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "పాపం ఆవిడ. వాడికి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు" అని ఊరుకునేది. షెడ్డు మూతపడ్డాక కౌన్సిల్ వాళ్ళ దగ్గర పనికి కుదిరింది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానం చేయించడం, మందులు వేయించడం, వేడివేడిగా ఏదైనా తినిపించడం. ఆ ఇళ్ళు కొండల మీద, లోయల్లో, ఎక్కడెక్కడో విసిరేసినట్టు ఉంటాయి. బస్సు వెళ్ళదు. కారు నేర్చుకోబోయి, వెనక్కి తీస్తూ డాక్టరుగారి గోడ పడగొట్టినప్పటి నుంచి ఆమె కారు జోలికి పోలేదు. అందుకని యాభైకి దగ్గరపడిన వయసులో మోటారుసైకిల్ లైసెన్సు తెచ్చుకుంది. రెడ్రూత్‌లో ఒకాయన దగ్గర పాత బండి కొంది. అప్పటికే అది చాలా చేతులు మారింది. రంగు మిగిలిన చోట్ల ఎరుపు.

క్లెమ్ బండి చుట్టూ తిరిగాడు. చక్రాలు తిప్పాడు, బ్రేకులు నొక్కాడు, హ్యాండిల్ అటూ ఇటూ కదిపాడు. ఆమె చేతులు కట్టుకుని చూస్తోంది.

"ఫెయిల్," అన్నాడు. "ముందు చక్రం బేరింగు పోయింది. వెనక బ్రేకు సగమే పడుతోంది. హ్యాండిల్ మధ్యలో పట్టేస్తోంది. చైను సంగతి నేను మాట్లాడదలుచుకోలేదు."

"నోటితో చెప్పకు. చూపించు."

క్లెమ్ బండిని ఎత్తి నిలబెట్టి, ఆమె రెండు చేతులూ చక్రం మీద పెట్టించి ఊపమన్నాడు. ఊపింది. లోపల ఎక్కడో టక్కుమంది. మళ్ళీ ఊపింది. మళ్ళీ టక్కుమంది.

"దీని మీదేనా ఇన్నాళ్ళూ తిరిగింది?"

"దీని మీదే."

ఆమె చక్రం వదల్లేదు. "వాళ్ళందరికీ సూపు పోసొచ్చి, ఎవరినీ చావనీకుండా చూసుకుంటున్నానని మురిసిపోతున్నాను," అంది. తర్వాత లేచి చేతులు తుడుచుకుంది. "నువ్వు బాగుచేసిస్తే నాకేం తెలుస్తుంది? నేనే చేస్తాను. నువ్వు పక్కన నిలబడి తిట్టు."

ఆ రెండో పని క్లెమ్‌కి వెన్నతో పెట్టిన విద్య. శనివారం మధ్యాహ్నం గ్యారేజీ కట్టేశాక ఒక మూల ఆమెకి ఇచ్చాడు. లవ్‌డే పాత కోటు మీద గోనెపట్టా కట్టుకుని బేరింగు ఊడదీయడం, క్లెమ్ స్టూలు మీద కూర్చుని "అమ్మా తల్లీ, అది సుత్తి, గరిటె కాదు" అనడం, నేను కిటికీలోంచి చాలాసార్లు చూశాను. కొన్ని శనివారాల తర్వాత బండి పాసయింది. ఆ రోజు ఆమె మా ఇద్దరికీ కుంకుమపువ్వు బన్నులు తెచ్చింది. చేతులు ఎంత కడుక్కున్నా గ్రీజు వాసన పోలేదో ఏమో, బన్నులకి కూడా పట్టింది. తినేశాం.

మరుసటి ఏడాది మార్చిలో దర్జాగా ఎక్కి వచ్చింది. చైను అద్దంలా ఉంది. బ్రేకులు ఒక్క వేలితో పడుతున్నాయి. క్లెమ్ తల ఊపుకుంటూ బండి వెనక్కి వెళ్ళి, "బ్రేకు నొక్కు" అన్నాడు. నొక్కింది. "నొక్కమన్నానా?" అన్నాడు. "నొక్కాను" అంది. వెనక దీపం వెలగలేదు.

"సగం బండి విప్పి బిగించావు గానీ, బల్బు మార్చుకోలేకపోయావా మహారాణీ?"

లవ్‌డే బల్బు కొని వాకిట్లోనే మార్చుకుని, మళ్ళీ పరీక్షకి నిలబెట్టింది. ఆమె కోపం క్లెమ్ మీద కాదు, తన మీదే. ఆ రోజు నుంచి పొద్దున్నే బయలుదేరే ముందు బండిని వెనక్కి నడిపించి, తన ఇంటి తెల్లగోడకి దగ్గరగా నిలబెట్టి బ్రేకు నొక్కేది. గోడ మీద ఎర్రటి వెలుగు పడితేనే గేటు తీసేది. తర్వాత అది ఎంత అలవాటయిందంటే, ఆమెకి జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్న రోజున ఆ వెలుగు కనబడక ఎదురింటి వాళ్ళకి ఏమీ తోచలేదట.

మా ఊళ్ళో ఇనుము బతకదు. గాలిలోనే ఉప్పు ఉంటుంది. పడవలకి వేసిన గొలుసులు, గేట్ల బందులు, సైకిళ్ళు, అన్నీ తినేస్తుంది. లవ్‌డే రోజూ పని నుంచి వచ్చాక బండి మీద మంచినీళ్ళు పోసి, పాత దుప్పటి ముక్కతో తుడిచి, నూనె గుడ్డతో ఇంకోసారి తుడిచేది.

"ఏం లవ్‌డే, గుర్రానికి స్నానం అయిందా?" అని పక్కింటావిడ గోడ మీంచి అడిగేది.

"అయింది వదినా. మీ ఆయనకి ఎప్పుడు?" అనేది ఈమె, తల ఎత్తకుండా.

ఇలా ఏళ్ళు గడిచాయి. ప్రతి మార్చిలో పరీక్ష పాసయ్యేది. సర్టిఫికెట్టు కింద మాత్రం క్లెమ్ ఏదో ఒకటి రాసేవాడు. సైలెన్సరు మీద తుప్పు. ముందు టైరు అరుగుతోంది. ఆమె ఆ కాగితం ఇంటికి తీసుకెళ్ళి, వచ్చే మార్చికల్లా ఆ వంక లేకుండా చేసేది. క్లెమ్ ఇంకోటి వెతికేవాడు. గాలివాన రోజుల్లో పడవలు కదలవు కాబట్టి జాలర్లు పనిలేక మా గ్యారేజీలో చేరి, ఈసారి క్లెమ్ ఏం పట్టుకుంటాడని పందాలు వేసుకునేవాళ్ళు. ఆమె వాళ్ళని పట్టించుకునేది కాదు. చూసేందుకు వచ్చిన వాళ్ళలో ఒకాయన షూ లేసు వదులుగా ఉంటే మాత్రం, "నువ్వు ఫెయిల్" అని చెప్పి బయటికి పంపింది.

ఆమె వెళ్ళే ఇళ్ళన్నిటిలోకీ దూరం ట్రెవానెల్. సముద్రం పక్కన లోయ అడుగున కొన్ని రాతి ఇళ్ళు. ఉండేది అందరూ ముసలివాళ్ళే. వాళ్ళలో హెడ్లీ రౌస్ అనే ఆయనకి తొంభై దగ్గరపడింది. ఒకప్పుడు పడవ నడిపినవాడు. ఊరంతా ఆయన్ని మామా అనే పిలుస్తుంది. తుఫానుకి భయపడడు గానీ స్నానానికి భయపడతాడు. లవ్‌డే ఆయన తల రుద్దుతున్నంతసేపూ ఆమె బండిని తిట్టడం ఆయన కాలక్షేపం. కానీ ఆమె వచ్చే వేళకి, అడుగు తీసి అడుగు వేయలేని ఆ మనిషి, ఎలాగో లేచి కిటికీ దగ్గరికి చేరుకునేవాడని పొరుగువాళ్ళు చెప్పేవాళ్ళు. లోయలోకి దిగుతున్న ఆ ఇంజను చప్పుడు వింటే చాలు, పొయ్యి మీద కెటిల్ పెట్టేవాళ్ళు అందరూ.

ఒక శీతాకాలం వానలు ఎడతెగకుండా కురిశాయి. ట్రెవానెల్‌కి దిగే రోడ్డు మీద కొండచరియ విరిగిపడింది. రోడ్డులో చాలా భాగం సముద్రంలోకి జారిపోయింది. ఇంజనీర్లు వచ్చి, సముద్రం వైపు కంచె వేసి, కొండ వైపు మనిషి నడిచేంత దారి మాత్రం వదిలారు. కార్లు లేవు, వ్యాన్లు లేవు. లవ్‌డే అక్కడిదాకా బండి మీద వెళ్ళి, దిగి, ఆ ఇరుకు దారిలో మెల్లగా తోసుకుంటూ దాటించి, అవతల మళ్ళీ ఎక్కి లోయలోకి దిగేది. వెనక పెట్టెల్లో రొట్టెలు, పాలు, మందులు, సూపు ఫ్లాస్కులు. జనవరిలో వెళ్ళింది. ఫిబ్రవరిలో వెళ్ళింది. కౌన్సిల్ వాళ్ళు ఫోను చేసి ఇబ్బందేమైనా ఉందా అని అడిగితే, పని జరుగుతోంది అని చెప్పేది. పని జరుగుతోంది కదా అని వాళ్ళూ ఊరుకున్నారు.

మార్చి వచ్చింది. వాన పడుతున్న ఒక ఉదయం పరీక్షకి తెచ్చింది. ఆ రోజు జాలర్లు ఎవరూ లేరు. క్లెమ్, ఆమె, నేను.

దీపాలు, బ్రేకులు, టైర్లు అన్నీ చూశాడు. తర్వాత పడుకుని టార్చి వేసుకుని కిందనుంచి చూశాడు. బ్యాటరీ కింద ఫ్రేము గొట్టం దగ్గర టార్చి ఆగిపోయింది. చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని అక్కడ పొడిచాడు. పెద్దగా బలం పెట్టలేదు. అది బిస్కట్టులో దిగినట్టు లోపలికి దిగిపోయింది.

అతను లేచి కూర్చున్నాడు. ఆ చోట నీళ్ళు నిలుస్తాయి, గుడ్డ వెళ్ళదు. ఎంత తుడిచినా అక్కడికి చేయి అందదు.

"లవ్‌డే," అన్నాడు, "నువ్వు రేపు రా. కాదు, వచ్చే నెల రా. ఈ రోజు నేను ఈ బండిని చూడలేదు."

"చూశావు కదా."

"చూడలేదంటున్నానా. రోడ్డు బాగయ్యేదాకా నడుపుకో. కింద వాళ్ళు నీ కోసం కాచుకుని ఉన్నారు. మెల్లగా వెళ్ళు. రోడ్డు పడ్డాక తీసుకొస్తే అప్పుడు చూద్దాం."

క్లెమ్ జెల్బర్ట్ నోట అలాంటి మాట నేను అంతకు ముందు వినలేదు, తర్వాత వినలేదు. తన సొంత తమ్ముడి వ్యానుని ఫెయిల్ చేసి, ఆ క్రిస్మస్‌కి పిలుపు లేకుండా గడిపినవాడు. ఆ రోజు అతనికి గొట్టం కనిపించలేదు, ట్రెవానెల్ కిటికీలు కనిపించాయి.

లవ్‌డే వంగి ఆ రంధ్రంలో వేలు పెట్టి చూసింది. వేలికి అంటిన తుప్పుని కోటుకి రాసుకుంది.

"నేను ఆ విరిగిన రోడ్డు అవతల పడిపోయాననుకో," అంది. "ఎవరికి తెలుస్తుంది? నేను వస్తున్నాననుకుని వాళ్ళు కిటికీ దగ్గర కూర్చుంటారు. సాయంత్రం దాకా కూర్చుంటారు. హెడ్లీ మామ మందు వేసుకోడు, నేను వచ్చి వేస్తానని. నేను రానని ముందే తెలిస్తే ఎవరో ఒకరు ఇంకో దారి చూస్తారు. వస్తానని చెప్పి రాకపోతేనే చస్తారు. రాయి క్లెమ్."

"నీ బండి ఆగిపోతుంది."

"ఆగాలి కదా మరి. రాయి."

అతను రాశాడు. ప్రమాదకరం, రోడ్డు మీదికి తీసుకురాకూడదు అని. సంతకం పెట్టబోయి రెండుసార్లు కలం ఎత్తాడు.

లవ్‌డే నా కౌంటరు దగ్గరికి వచ్చి ఫోను అడిగింది. కౌన్సిల్ ఆఫీసుకి చేసి, ఈ పూట నుంచి తనకి బండి లేదని, ట్రెవానెల్‌కి ఇంకో ఏర్పాటు చూడమని చెప్పింది. అవతల మాట్లాడుతున్న అబ్బాయి, ఇన్నాళ్ళూ అక్కడ ఇబ్బందేమీ లేదనుకున్నామండీ అన్నాడు.

"ఇబ్బంది లేకపోవడం కాదు బాబూ. ఇన్నాళ్ళూ అది నా వెనక సీటు మీద కూర్చుని తిరిగింది. ఇప్పుడు మీ ఇంటికి వస్తోంది, తలుపు తీయండి," అని ఫోను పెట్టేసింది.

పెట్టెల్లోని సామాను సంచిలోకి సర్దుకుని, సంచి భుజానికి తగిలించుకుని, వానలో బయలుదేరింది. కొండ అంచున కాలిబాట ఉంది, అడ్డంగా వెళ్తే ట్రెవానెల్‌కి దిగుతుంది. క్లెమ్ గుమ్మంలో నిలబడి ఆమె మలుపు తిరిగేదాకా చూశాడు. నేను పోసిన టీ తాగలేదు. లోపలికి వెళ్ళి, ఎవరూ అడగకుండానే, ఆ బండి సీటు విప్పడం మొదలుపెట్టాడు.

ఆమె లోయలోకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. హెడ్లీ కిటికీ దగ్గరే ఉన్నాడు.

"చప్పుడు లేకుండా వచ్చావేం పిల్లా? దొంగలా?"

"బండి ఫెయిలయింది మామా."

"ఎవడు ఫెయిల్ చేశాడు?"

"తుప్పు."

"తుప్పుకి సంతకం పెట్టడం వచ్చా?"

"ఈ మధ్య నేర్చుకుంది. నోరు తెరువు, మందు వేసుకో."

ఫ్లాస్కులో సూపు చల్లారిపోయిందని ఆయన సణిగాడు. బండి మీద తెచ్చినప్పుడు కూడా చల్లగానే ఉండేదని, ఇప్పుడు కనీసం చప్పుడైనా లేదని అన్నాడు. కానీ గిన్నె ఖాళీ చేశాడు. తన కుర్చీ పొయ్యి దగ్గరకి లాగి, ఆమెని అందులో కూర్చోమని, తడిసిన బూట్లు విప్పమని, తాను ఎప్పుడూ ఎవరికీ ఇవ్వని ఊలు మేజోళ్ళు ఇచ్చాడు. ఈ సంగతంతా తర్వాత ఆయనే ఫోనులో క్లెమ్‌కీ నాకూ చెప్పాడు. ఆమె క్లెమ్ పేరు ఎత్తకుండా నెపం తుప్పు మీద పెట్టిందని విన్నప్పుడు అతను బయటికి వెళ్ళి కాసేపు వాకిలి ఊడ్చాడు. అంతకు ముందు అతను చీపురు పట్టగా నేను చూడలేదు.

కొద్దిరోజులు ఆమె అలాగే నడిచింది. ఆ వారం దాటకుండానే కౌన్సిల్ వాళ్ళు కదిలారు. పైన పొలాల యజమాని జెనిఫర్ యాంగ్విన్‌తో మాట్లాడి, ఆమె ట్రాక్టరు ఆ పొలాల్లోంచి లోయలోకి వెళ్ళేలా ఏర్పాటు చేశారు. డాక్టరు కూడా అందులోనే వెళ్ళి అందరినీ చూసి వచ్చాడు. జనవరి నుంచి వాళ్ళని డాక్టరు చూడటం అదే మొదటిసారి. ఒకావిడకి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని అప్పుడే తెలిసి, ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆవిడ కోలుకుని వేసవిలో ఇంటికి వచ్చింది. లవ్‌డే ట్రాక్టరు వెనక పెట్టెలో ఎరువు బస్తాల మధ్య కూర్చుని, రాణిగారిలా చేయి ఊపుతూ వెళ్ళేది.

ఆదివారాలూ శనివారాలూ మాత్రం గ్యారేజీలోనే గడిపింది. బండిని పూర్తిగా విప్పి, ఉత్త ఫ్రేము మిగిల్చింది. పడవల షెడ్డులో వెల్డింగు చేసే ఆయన వచ్చి, కుళ్ళిన గొట్టాన్ని కోసి, కొత్తది వేసి అతికాడు. ఆమె దాన్ని గీకి, రుద్ది, రంగు వేసింది. రంగు ఆరాక, అది నచ్చక మళ్ళీ గీకి మళ్ళీ వేసింది. నీళ్ళు నిలవకుండా బ్యాటరీ కింద చిన్న కంత పెట్టించింది. క్లెమ్ తిట్టడం తగ్గించేశాడు. అది ఆమెకి నచ్చలేదు. "ఏరా, గొంతు పోయిందా? ఆ బోల్టు తప్పు బిగించాను, కనబడటం లేదా?" అని ఒకసారి ఆమే అడిగింది. అతను చూశాడు, నిజంగానే తప్పు బిగించింది. అప్పుడు తిట్టాడు. ఇద్దరి ప్రాణాలూ కుదుటపడ్డాయి.

మే నెలలో పరీక్ష. ఊరు సగం వచ్చింది. క్లెమ్ ఎవరితోనూ మాట్లాడకుండా మొదటి నుంచి చివరిదాకా చూశాడు. వెల్డింగు చేసిన చోట స్క్రూడ్రైవరుతో పొడిచాడు.

"ఇంకోసారి," అంది లవ్‌డే.

పొడిచాడు.

"గట్టిగా. నీ తమ్ముడి వ్యాను అనుకో."

నవ్వులు చెలరేగాయి. క్లెమ్ మోకాలు నేల కానించి గట్టిగా పొడిచాడు. గీత కూడా పడలేదు. లేచి, సర్టిఫికెట్టు అచ్చు తీసి చేతికి ఇచ్చాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది, వెనక్కి తిప్పింది, మళ్ళీ ముందుకు తిప్పింది.

"కింద ఏమీ రాయలేదేం?"

"రాయడానికి ఏమీ లేదు."

"మొహమాటానికి కాదు కదా?"

"కాదు," అన్నాడు క్లెమ్. "ఒట్టు."

అన్ని చేతులు మారిన ఆ బండికి వంకలేని సర్టిఫికెట్టు రావడం అదే మొదటిసారి. లవ్‌డే కాగితం మడిచి కోటు లోపల పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. హెల్మెట్ పెట్టుకుని ట్రెవానెల్ వైపు వెళ్ళిపోయింది. రోడ్డు ఇంకా పూర్తికాలేదు, బండిని తోసుకుంటూనే దాటించింది. లోయలో ఆ చప్పుడు విని, అందరూ గుమ్మాల్లోకి వచ్చారట. హెడ్లీ మామ మాత్రం రాలేదు. కిటికీ తెరిచి, "చెవులు పగిలిపోతున్నాయి" అని అరిచి మూసేశాడు.

ఆయన మరో రెండు చలికాలాలు చూసి, తన మంచం మీదే కన్నుమూశాడు. ఆ సమయానికి లవ్‌డే పక్కనే ఉంది. క్లెమ్ చూపు మందగించాక గ్యారేజీ అమ్మేసి, ఇప్పుడు రేవులో బెంచీ మీద కూర్చుని పోయేవాళ్ళ బళ్ళకి చెవితోనే వంకలు పెడుతుంటాడు. లవ్‌డే కౌన్సిల్ పని మానేసింది గానీ, బండి మానలేదు.

ఈ ఏడు కూడా పరీక్షకి తెచ్చింది. ఇప్పుడు పరీక్షలు చేసేది టామ్సిన్ అనే అమ్మాయి, కామ్‌బోర్న్ నుంచి వచ్చింది. మా ఊరి కథలు ఏవీ తెలియవు. బండి అంతా చూసి, చివర్లో హారను నొక్కింది. మూగది. "ఫెయిల్ అండీ, సారీ," అని కాగితం ఇచ్చింది.

బయట ఉన్న జాలర్లకి కోపం వచ్చింది. ఆవిడ ఎవరో తెలుసా, ఆ బండి ఏం చేసిందో తెలుసా అని ఒకడు మొదలుపెట్టాడు. లవ్‌డే చేయి ఎత్తి ఆపింది.

"మీరంతా నోళ్ళు మూసుకోండి," అంది. "హారను మోగలేదు, ఆ పిల్ల మోగలేదని రాసింది."

వాకిట్లో కూర్చుని హారను తీగ విప్పింది. నేను టీ ఇవ్వడానికి వెళ్ళాను. ఆమె నోట్లో స్క్రూ పెట్టుకుని ఉంది. దాన్ని అరచేతిలోకి ఉమ్మి, లోపలున్న టామ్సిన్ వైపు గడ్డంతో చూపించింది.

"బాగా చేస్తుంది పిల్ల," అంది. "నేనెవరో దానికి ఎవరూ చెప్పకండి."